తప్పంతా మైకుదే

పెద్దాయన తన రాజకీయ జీవితంలో ఒక్క తప్పూ చేయలేదు. ఈ మాట ఆయన అభిమానులు అంటారు, ఆయనా కాదనరు. ఆయన నోరు జారలేదు, ఎవరినీ తిట్టలేదు, ఇచ్చిన మాట తప్పలేదు. మూడు జెండాలు మార్చారంటే ఆ జెండాలకే నిలకడ లేదని అర్థం. ఇక మిగిలిన గొడవలన్నీ మైకు చేసినవే. ఇది ఆ మైకు యజమాని కథ. పెద్దాయన చరిత్ర రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో కొందరికి మంచి పదవులు కూడా వచ్చాయి. మైకువాడి చరిత్ర రాస్తే ఏమీ రాదు కనుక ఆ పని నిక్షేపంగా చేయవచ్చు.

పూర్వం రాజుల దగ్గర ముందుగా రుచి చూసే ఉద్యోగి ఒకడుండేవాడు. విషం ఉంటే వాడు పోతాడు, రాజు ఉంటాడు. రాజులు పోయినా ఉద్యోగం పోలేదు. నేను తిరిగిన ఊళ్ళన్నిటిలోనూ, మాట్లాడే మనిషి పక్కన ఆ మాటల విషం మింగే మనిషి ఒకడు కనబడుతూనే వచ్చాడు. ఒకచోట గుమాస్తా, ఒకచోట డ్రైవరు, ఒకచోట పాపం బావమరిది. ఈ ఊళ్ళో మైకువాడు.

అందరూ ఆయన్ని గొట్టం బాబాయి అనేవారు. కొట్టు రైలు పట్టాల వీధిలో, మెట్ల కింద గది. గోడ నిండా మేకులకు వేలాడే లౌడ్‌స్పీకరు గొట్టాలు, నేలమీద చుట్టలు చుట్టిన నల్ల వైర్లు, బల్లమీద మూత తీసిన పెట్టెలు, ఎప్పుడూ సీసం కరిగిన వాసన. ఆ కొట్టు పైన మేడగదిలో నేను కొన్నాళ్ళు అద్దెకున్నాను. ఎవరినైనా పట్టుకుని “నువ్వేం గొట్టంగాడివా?” అంటే కొట్లాట అవుతుంది. ఈయన్ని అంటే మాత్రం “అవునండీ, ఎన్ని గొట్టాలు కావాలి?” అని అడిగేవాడు.

పెద్దాయనకూ ఆయనకూ ముడిపడింది మొట్టమొదటి ఎన్నికల్లో. అప్పటికి పెద్దాయన ఇంకా పెద్దాయన కాదు, బక్కపలచని కుర్రాడు. ఆ రోజు రెండు ఉపన్యాసాలు వల్లించి పెట్టుకున్నారు. ఒకటి మిల్లు యజమానుల విందులో చెప్పాల్సింది, రెండోది మిల్లు గేటు దగ్గర కార్మికులకు చెప్పాల్సింది. తొందరలో యజమానుల ఉపన్యాసం గేటు దగ్గర మొదలుపెట్టేశారు. “ఈ సోమరిపోతులకు జీతం ఇవ్వడమే దండగ” అనే దాకా వచ్చేశారు. సరిగ్గా అప్పుడే కట్టు ఊడి ఒక గొట్టం పక్కకు తిరిగి, మైకు వైపు మొహం పెట్టింది. గొట్టం నోరూ మైకు చెవీ ఎదురెదురుగా పడితే ఏమవుతుందో తెలిసిందే. చెవులు చిల్లులు పడేలా ‘కుయ్’మని ఈల. బాబాయి నిచ్చెనెక్కి గొట్టం తిప్పేలోపల పెద్దాయనకు ఎదురుగా ఎవరున్నారో కనబడింది. ఈల ఆగగానే, “అని మిమ్మల్ని అన్నవాడి నాలుక చీరేస్తాను” అని వాక్యం ముగించారు. జనం ఆయన్ని భుజాల మీద మోసుకెళ్ళారు.

ఆ సాయంత్రం పెద్దాయన కొట్టుకు వచ్చారు.

“ఒరేయ్, ఆ కూత మళ్ళీ కుయ్యించగలవా?”

“అది లోపమయ్యా. రేపటికల్లా బాగుచేస్తాను.”

“బాగుచేశావంటే కాళ్ళు విరగ్గొడతా.”

అలా ఒక లోపం పద్ధతి అయింది. వేదిక కింద ఒక గొట్టాన్ని మైకు వైపు మొహం పెట్టి దాచడం, దానికి పెట్టెమీద విడిగా ఒక మీట, పెద్దాయన చెవి వెనక గోక్కుంటే ఆ మీట తిప్పడం. ఈల లేచేది, మాట మునిగిపోయేది. మర్నాడు పత్రికల్లో ‘మైకు లోపం వల్ల నా మాట వక్రంగా వినబడింది’ అని ఖండన.

ఒకే వేదిక మీద కూర్చున్న సొంత పార్టీ అధ్యక్షుణ్ణి ‘ముసలి నక్క’ అన్నారు. మైకు. ప్రభుత్వాసుపత్రిని ప్రారంభిస్తూ “నాకు జలుబు చేసినా ఇక్కడికి రాను” అన్నారు. మైకు. పిల్లలు ఆడుకునే మైదానంలో తమ్ముడిగారి గోదాము ఎలా మొలిచిందని ఎవరో అడిగితే “వర్షాలు బాగా పడ్డాయి” అన్నారు. అదీ మైకే. ఆ గోదాము మీద విచారణ సంఘం కూర్చుంది. బాబాయిని సాక్షిగా పిలిచారు.

“ఆ ప్రశ్నకు ఆయన ఏమన్నారు?”

“కుయ్ అన్నారండి.”

“నువ్వు పక్కనే ఉన్నావు కదా?”

“ఈలకి మరీ దగ్గరగా ఉన్నానండి. నాకే ఎక్కువ వినపడింది, ఈల.”

విచారణ సంఘం ఆధారాలు స్పష్టంగా లేవని తేల్చింది. ఆ తీర్పు తర్వాత పెద్దాయన మంత్రి అయ్యారు. తమ్ముడిగారి గోదాము ఇంకో అంతస్తు ఎదిగింది.

రైలు పట్టాల మీద వంతెన సంగతి వేరే చెప్పాలి. పట్టాలకు ఇవతల బజారు, అవతల ఇళ్ళు. గేటు పడితే జనం గంటలు గంటలు నిలబడాల్సిందే. ఆ వంతెనకు పెద్దాయన మొదటి జెండా కింద ఒక శంకుస్థాపన చేశారు. రెండో జెండా కింద అదే చోట ఇంకోటి, మూడో జెండా కింద మరోటి. ఆ శిలాఫలకాలన్నీ పేర్చినా ఒక మెట్టు అయ్యేదని వీధిలో అనుకునేవారు. ఎవరైనా సభలో వంతెన మాటెత్తితే పెద్దాయన చెవి వెనక దురద పుట్టేది.

మరి బాబాయికి ఏం మిగిలింది? పెద్దాయన సభలన్నీ దక్కాయి, నిజమే. ఊళ్ళో మిగతా సభలన్నీ పోయాయి. ఎవరింట్లో శుభకార్యమైనా “ఆయన మైకా? అమ్మో, ఈల పెడుతుంది” అనేవారు. సొంత బావమరిది కూతురి పెళ్ళికి కూడా అంతే. “బావా, నువ్వూ అక్కా ముందురోజే వచ్చెయ్యండి. మైకు సంగతి నీకెందుకు, వేరేవాళ్ళకి చెప్పేశాం” అన్నాడు బావమరిది. బాబాయి వెళ్ళాడు, విస్తరి ముందు కూర్చున్నాడు. వేరేవాళ్ళ మైకు భోజనాలయ్యేదాకా తుమ్మెదలా గుంయ్‌మంటూనే ఉంది. “వైరు సరిగ్గా బిగించలేదు” అని గొణిగాడు. పక్కన కూర్చున్నవాడు నవ్వి, “నువ్వు చెప్పాలి బాబాయ్” అన్నాడు. బాబాయి విస్తరి మడిచి లేచాడు. మనిషికి ఆకలి చంపుకోవడం తేలికేగాని, చేతిలో పనితనం ఉండి చేతకానివాడనిపించుకోవడం కష్టం. దొంగకైనా కన్నం చక్కగా వేశాడనిపించుకోవాలని ఉంటుంది.

చివరికి గొడవ సంఘం దాకా వచ్చింది. ఆ ఊళ్ళో మైకులు, లైట్లు, డేరాలు అద్దెకిచ్చేవాళ్ళందరికీ ఒక సంఘం ఉంది. సంఘంలో పేరు లేనివాడికి ఏ మైదానంలోనూ కరెంటు తీగ తగిలించనివ్వరు. అధ్యక్షుడు డేరాల వ్యాపారి, పెద్ద బొజ్జ మనిషి. పెద్దాయన సభలకు డేరాలన్నీ ఆయనవే. కిందటి సభ తర్వాత పెద్దాయన మేనల్లుడు విలేకరుల ముందు “మైకు వాళ్ళకి పని రాదండీ” అనేశాడు. ‘మైకు వాడికి’ అంటే బాబాయి ఒక్కడికే తగిలేది. ‘వాళ్ళకి’ అనేసరికి ఊళ్ళో ఉన్న మైకు వాళ్ళందరికీ పొడుచుకుంది.

అధ్యక్షుడు కొట్టుకు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

“బావా, నీకూ నాకూ ఉన్న స్నేహం కొద్దీ ముందే చెప్తున్నా. ఇంకొక్కసారి నీ మైకు ఈల వేసిందంటే సంఘంలో నీ పేరుండదు.”

“ఎందుకు వేస్తుందో నీకు తెలీదా?”

“నాకు తెలీదు. నాకేమీ తెలీదు. డేరా కట్టేవాడికి డేరా గుడ్డ తప్ప ఏం తెలుస్తుంది?”

సరిగ్గా ఆ తర్వాతే పెద్దాయనకు సన్మాన సభ ఖాయమైంది. సుదీర్ఘ ప్రజాసేవకు గుర్తుగా, పట్టాల పక్క మైదానంలో. మేనల్లుడు వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో రెండు ఫోన్లు. మామయ్య తర్వాత ఆ కుర్చీ తనదేనని అతని నడకలోనే తెలిసేది.

“బాబాయ్, ఈసారి జాగ్రత్త. మామయ్య పెద్దవాడైపోయాడు. నోటికి వచ్చేదానికీ మనసులో ఉన్నదానికీ మధ్య గోడ పల్చబడింది. చెవి గోక్కోవడం మర్చిపోతాడేమో, నేను కళ్ళద్దాలు తీస్తా. వెంటనే ఈల పడాలి.”

“సంఘంలోంచి తీసేస్తామన్నారు బాబూ.”

“సంఘం సంగతి నేను చూసుకుంటాగా.” మాట పూర్తయ్యేలోగా ఫోను మోగింది, చూసుకోవడం అక్కడితో సరి.

ఆ రాత్రి కింద కొట్టు వెనక గదిలో బాబాయీ ఆయన భార్యా మాట్లాడుకున్న మాటలు పైకి వినబడ్డాయి. మైకువాడి ఇల్లు కదా, గోడలు కూడా మాట మోసేవి.

“ఈల వేస్తే సంఘం ఊరుకోదు, వెయ్యకపోతే అయ్యగారు ఊరుకోరు,” అంది పిన్ని. “మీరు ఎటు పడ్డా పళ్ళే రాలతాయి. ఎటు పడాలనుకుంటున్నారు?”

“ఎటు పడేదీ తర్వాత. నా మైకు ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా మాట్లాడితే వినాలని ఉందే.”

“ఇన్నేళ్ళకి పుట్టిందా మీకు కోరిక?”

“ఎప్పటినుంచో ఉంది. నీకు చెబితే నవ్వుతావని.”

“నవ్వడానికి ఇందులో ఏముంది. పట్టాల అవతల మా అక్క వాళ్ళింటికి వెళ్తా ఆ పూట. అక్కడిదాకా వినపడితే మీరు మొనగాడే.”

సభ రోజు పొద్దుటినుంచి బాబాయి పని చూసి తీరాలి. ప్రతి అతుకూ విప్పి మళ్ళీ వేశాడు. వాటం చూసుకుని స్తంభాలకు గొట్టాలు కట్టాడు. ఒక్కో గొట్టం కింద నిలబడి, గొంతు సవరించుకుని, తనే మాట్లాడి, తనే విన్నాడు. పళ్ళు పీకే డాక్టరు కూడా నోట్లోకి అంత శ్రద్ధగా చూడడు. వేదిక కింద ఈల గొట్టం మాత్రం యథాప్రకారం పెట్టాడు. మేనల్లుడు వంగి చూసి మరీ వెళ్ళాడు.

పొగడ్తలు ముగిశాయి. పెద్దాయన లేచారు. ముదిమి మీద పడినా గొంతు కంచులాగే ఉంది. తన త్యాగాలు, తన పోరాటాలు, జెండా మార్చిన ప్రతిసారీ తన గుండె ఎంత బరువెక్కిందో చెప్పారు. మైకు అద్దంలా పలుకుతోంది. ముందు వరసలో డేరాల అధ్యక్షుడు బొజ్జ మీద చేతులు పెట్టుకుని గొట్టాల వంక చూస్తున్నాడు. అప్పుడు అవతల రైలు గేటు పడింది, బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. వెనకనుంచి ఎవడో “అయ్యా, వంతెన?” అని కేకేశాడు.

“వంతెనా?” అన్నారు పెద్దాయన. పొగడ్తలకు కరిగిపోయి ఉన్నారేమో, నవ్వారు. “ఆ వంతెన ఎందుకు కట్టలేదో చెప్పనా?”

అని, అలవాటు కొద్దీ చెవి వెనక గోక్కున్నారు.

బాబాయి వేలు ఈల మీట మీద ఉంది. మేనల్లుడు కళ్ళద్దాలు తీసేశాడు. పెద్దాయన ఈల కోసం ఆగారు. మైదానమంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గొట్టాల్లోంచి పెద్దాయన ఊపిరి కూడా వినబడింది, అంత శుభ్రంగా పనిచేస్తోంది సెట్టు. బాబాయి ఆ ఊపిరి విన్నాడు. మీట మీదినుంచి వేలు తీసి, చేతులు కట్టుకున్నాడు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. పెద్దాయనకు మాట ఆపడం రాదు. ఎప్పుడూ నేర్చుకునే అవసరం పడలేదు. ఆయన వాక్యాలకు చుక్క పెట్టేది ఈలే. ఈల రాకపోయేసరికి, బ్రేకు లేని బండి పల్లంలో దిగినట్టు ముందుకే పోయారు.

“కట్టేస్తే మళ్ళీ ఎన్నికల్లో మీకేం చెప్పమంటారు? వంతెన లేదు కాబట్టే మీరు నన్ను అడుగుతున్నారు. అడుగుతున్నారు కాబట్టే నేనున్నాను. రోగం కుదిరిన వాడు డాక్టరు గుమ్మం తొక్కుతాడా? అయినా సిమెంటు రాలేదని ఎవరన్నారు? వచ్చింది. మా తమ్ముడి గోదాము చూడండి, వంతెనకి మించి నిలబడుతుంది.”

మేనల్లుడు పరుగున పెట్టె దగ్గరికి వచ్చాడు. “తిప్పవయ్యా, తిప్పు” అంటూ బాబాయిని తోసేసి, చేతికి దొరికిన పెద్ద మీట తనే తిప్పాడు. పాపం అతను పుట్టి బుద్ధెరిగి ఒక మీట తిప్పి ఎరగడు, అన్నీ ఎవరో ఒకరు తిప్పిపెట్టినవే. అది ఈల మీట కాదు. గొట్టాలన్నిటికీ గొంతు పెంచే మీట. చివరి మాటలు పట్టాలు దాటి అవతల ఇళ్ళలోకి వెళ్ళిపోయాయి.

“మీరు నమ్ముతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. ఇందులో నా తప్పేముంది?”

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. అలవాటైన చేతులు కదా, మైదానమంతా అందుకుంది.

మర్నాడు పొద్దున టీకొట్టు దగ్గర నిలబడి విన్నాను.

“నువ్వు విన్నావా?”

“విన్నా. వంతెన కావాలనే కట్టలేదన్నారు.”

“నాకూ అలాగే వినపడింది. కాని ఆయన అలా అనే మనిషి కాదు.”

“అదే మరి. ఆ గొట్టం బాబాయి మైకు సంగతి తెలిసిందేగా. ఏదో తేడా చేసింది.”

“ఈల రాలేదు కదరా?”

“ఈల రాలేదంటేనే అనుమానం. ఎప్పుడూ వచ్చేది ఎందుకు రాలేదు? సెట్టు బాగా పాడైపోయి ఉంటుంది.”

టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ అందరికంటే గట్టిగా తలూపాడు. ఖండన కూడా అప్పటికే పత్రికలో వచ్చేసింది. ‘సాంకేతిక లోపం వల్ల నా ఉద్దేశానికి పూర్తిగా విరుద్ధమైన ధ్వని వెలువడింది.’

పెద్దాయన కబురు పంపారు. బాబాయి వెళ్ళేసరికి వాకిట్లో వాలుకుర్చీలో ఉన్నారు. చుట్టూ జనం లేరు. మొహంలో కోపమూ లేదు.

“ఈల ఎందుకు వెయ్యలేదురా?”

“చెయ్యి రాలేదయ్యా.”

“నేను తెల్లబోయాననుకో. కాని ఒరేయ్, బతుకులో మొదటిసారి ఒక వాక్యం చివరిదాకా చెప్పాను. చప్పట్లు విన్నావా?”

“విన్నానయ్యా. గొట్టాలదాకా వచ్చాయి.”

“తెలిసుంటే ఇన్నేళ్ళూ నీకు ఆ గొట్టం మోత తప్పేది.” నవ్వి, గొంతు తగ్గించారు. “సరేగాని, సంఘంలో అడుగుతారు. మైకు పాడైందని ఒక్క మాట చెప్పు. నీ పేరూ ఉంటుంది, నా పేరూ ఉంటుంది.”

“పాడవలేదు కదయ్యా.”

“నువ్వు చెప్పకపోయినా వాళ్ళు అలాగే అనుకుంటార్రా. పొద్దున పత్రిక చూళ్ళేదా?”

“వాళ్ళు అనుకోనివ్వండి. నా నోటితో మాత్రం అనలేను. మీరు అన్నవన్నీ ఇన్నేళ్ళూ మింగాను. నిన్న పలికింది ఒక్కటీ నాది.”

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలారు. “పిచ్చివాడివిరా” అన్నారు. అందులో మెచ్చుకోలు ఉందో జాలి ఉందో, ఇంటికొచ్చి ఎంత ఆలోచించినా బాబాయికి తేలలేదు. పిన్ని తేల్చలేదు గాని, “అక్క వాళ్ళింట్లో అంట్లు తోముతున్నా కూడా మాటమాటా వినపడిందండీ,” అంది. “మా బావ రేడియో కట్టేసి మరీ విన్నాడు.” బాబాయి ఆ పూట రెండోసారి వడ్డించమన్నాడు.

సంఘం గది ఇరుకు. లోపల కార్యవర్గం పడుతుంది, మిగతా సభ్యులంతా వీధిలో నిలబడతారు. అందుకే అక్కడ ఒక ఆచారం ఉంది. తీర్మానం ఏదైనా వీధిలోకి మైకులో చదవాలి. ఆ మైకు వంతులవారీగా ఎవరో ఒక సభ్యుడు తెచ్చిపెట్టాలి. ఆ వారం వంతు ఎవరిదంటే వాడిది కాదు వీడిది కాదని అందరూ తప్పుకున్నారు. బాబాయి ఏమీ అనకుండా తన పెట్టే, తన గొట్టమూ తెచ్చి, కిటికీకి కట్టి కూర్చున్నాడు.

“ఒక్కటే ప్రశ్న బావా,” అన్నాడు అధ్యక్షుడు చెమట తుడుచుకుంటూ. “మొన్న సభలో నీ మైకు పాడైందా, లేదా?”

“ఈల వేస్తే పేరు తీసేస్తానన్నావు. వెయ్యలేదుగా?”

“అది వేరే. ఇప్పుడడుగుతున్నది వేరే. పాడైందంటే ప్రమాదం కింద వదిలేస్తాం. పాడవలేదంటే…” ఆగి, అటూ ఇటూ చూశాడు. “పాడవలేదంటే ఆయన నిజంగా అన్నట్టు అవుతుంది. అప్పుడు మనందరి డేరాలూ ఎత్తేసుకోవాలి. ఒక్క మాట బావా. చచ్చినట్టు అనెయ్యి.”

“మొన్న నా మైకు జన్మలో ఎప్పుడూ పలకనంత బాగా పలికింది,” అన్నాడు బాబాయి. “కావాలంటే పేరు తీసేసుకో. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.”

కార్యవర్గం తలలు దగ్గర పెట్టుకుంది. ఎక్కువసేపు పట్టలేదు, భయం ఉన్నచోట ఏకగ్రీవం త్వరగా కుదురుతుంది. అధ్యక్షుడు కాగితం పట్టుకుని మైకు ముందుకు వచ్చాడు. వీధిలో జనం మూగారు. కాపు కాసినట్టు ఎదురింటి అరుగుల మీద ఆడవాళ్ళు కూడా చేరారు. అధ్యక్షుడు చదవబోతే మాట లోపలికి పోతోంది. బాబాయి లేచి వెళ్ళి, మైకు కాస్త కిందికి వంచి ఆయన నోటి దగ్గరికి పెట్టాడు. మీట రవ్వంత పెంచి, “ఇప్పుడు చదువు బావా, గట్టిగా అక్కర్లేదు, అదే లాక్కుంటుంది” అన్నాడు.

అధ్యక్షుడు చదివాడు. ఫలానా సభ్యుడి మైకు పనికిరానిదని, అందులో పలికిన మాట ఏదీ నమ్మదగినది కాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిందన్న సంగతి వీధి చివరిదాకా, ఒక్క అక్షరం పోకుండా, గంట కొట్టినట్టు వినబడింది.